సాఫ్ట్‌వేర్ నవీకరణలో కోల్పోయే వీడియో ఎగుమతి సౌకర్యాలు: వ్యవసాయ విస్తరణలో తీసుకోవలసిన జాగ్రత్తలు

వ్యవసాయ విస్తరణలో వీడియో నేడు ఒక ప్రధాన బోధన సాధనం. పత్తిలో గులాబీ రంగు పురుగు ఆశించిన గుడ్డి పూలను గుర్తించడం, మొక్కజొన్న సుడిలో దాగిన కత్తెర పురుగును పోల్చుకోవడం, పసుపు దుంపలకు విత్తనశుద్ధి చేయడం వంటి అంశాలను మాటల్లో వివరించడం కంటే కళ్లకు చూపించడమే సులభం. ఉత్తర తెలంగాణలో జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానం, జమ్మికుంట, ఆదిలాబాద్, బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు పరిశోధన ఫలితాలను రైతుల వద్దకు చేర్చే వ్యవస్థలో భాగాలు. రాష్ట్రంలో నిర్మించిన 2,601 రైతు వేదికలు ఈ వ్యవస్థకు గ్రామస్థాయి వేదికలయ్యాయి. 2024 మార్చి 6న ప్రారంభమైన 'రైతు నేస్తం' కార్యక్రమం ద్వారా మొదటి దశలో 110 రైతు వేదికలకు వీడియో కాన్ఫరెన్స్ సౌకర్యం కలిగింది.

వీడియో తయారీలో చిత్రీకరణకూ కూర్పుకూ ఇచ్చినంత శ్రద్ధను చివరి దశ అయిన ఎగుమతికి సాధారణంగా ఇవ్వరు. కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను నవీకరించినప్పుడు అంతవరకు ఉన్న ఒక ఎగుమతి సౌకర్యం తొలగిపోతే తప్ప ఈ దశ విలువ తెలిసిరాదు. కల్లంలో రాశి పోసిన ధాన్యం మార్కెట్‌కు చేరే దారి మూసుకుపోతే పంట పండీ ప్రయోజనం లేనట్లే, కూర్పు పూర్తయినా బయటకు రాని వీడియో రైతుకు ఉపయోగపడదు. ఇటువంటి నష్టం ఎలా కలుగుతుంది, విస్తరణ కార్యక్రమాలపై దాని ప్రభావమేమిటి, దానిని ముందుగా ఎలా నివారించవచ్చు అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎగుమతి అంటే ఏమిటి?

కూర్పు సాఫ్ట్‌వేర్‌లో భద్రపరిచే ప్రాజెక్టు ఫైలులో అసలు వీడియో ఉండదు. ఏ దృశ్యాన్ని ఎక్కడ కత్తిరించాలి, ఏ వ్యాఖ్యానాన్ని ఎక్కడ చేర్చాలి, ఏ శీర్షిక ఎంతసేపు కనిపించాలి అనే ఆదేశాలు మాత్రమే అందులో ఉంటాయి. ఆ ఆదేశాల ప్రకారం దృశ్యాలనూ ధ్వనినీ కలిపి, ఇతర పరికరాల్లో నడిచే ఒకే ఫైలుగా రూపొందించడమే ఎగుమతి. ప్రాజెక్టు ఫైలును దానిని తయారుచేసిన సాఫ్ట్‌వేరే చదవగలదు. ఎగుమతి చేసిన ఫైలు మాత్రం ఫోను, టీవీ, ప్రొజెక్టర్ వంటి అనేక పరికరాల్లో నడుస్తుంది.

ఎగుమతిలో మూడు నిర్ణయాలు కీలకమైనవి. మొదటిది, దృశ్యాన్నీ ధ్వనినీ కలిపి ఉంచే ఫైలు రూపం. ఎంపీ4, ఎంఓవీ, ఏవీఐ ఇటువంటివి. రెండవది, దృశ్యాన్ని కుదించే పద్ధతి, అంటే కోడెక్, హెచ్.264, హెచ్‌ఈవీసీ, ఎంపెగ్-2 ఈ కోవకు చెందినవి. ఒకే ఎంపీ4 పేరుతో ఉన్న రెండు ఫైళ్లలో వేర్వేరు కోడెక్‌లు ఉండవచ్చు. అందువల్లనే ఒకటి పాత టీవీలో నడిచి, మరొకటి నడవకపోవచ్చు. మూడవది, చిత్ర పరిమాణం, సెకనుకు కేటాయించే సమాచార పరిమాణం, అంటే బిట్ రేటు.

కుదింపు ఎందుకు అవసరమో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. 1920×1080 పరిమాణం గల ఒక చిత్రంలో 20,73,600 బిందువులుంటాయి. ఒక్కో బిందువుకు 24 బిట్ల చొప్పున, సెకనుకు 25 చిత్రాలను ఏ కుదింపూ లేకుండా నిల్వ చేస్తే సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు అవుతాయి. ఒక్క నిమిషం వీడియోకే 9 జి.బి.కి పైగా స్థలం కావాలి. కోడెక్ ఈ భారాన్ని అనేక రెట్లు తగ్గిస్తుంది. ఏ కోడెక్‌ను ఏ బిట్ రేటుతో వాడాలో ఎంచుకునే వీలును సాఫ్ట్‌వేర్ తొలగించినప్పుడు ఆ నిర్ణయం తయారీదారు చేతిలో ఉండదు.

నవీకరణలో సౌకర్యాలు పోయిన సందర్భాలు

కొత్త వెర్షన్‌లో పాత సౌకర్యాలన్నీ కొనసాగుతాయనేది సహజమైన నమ్మకం. గత పదిహేనేళ్లకు పైబడిన అనుభవం ఈ నమ్మకాన్ని బలపరచదు.

శాస్త్రవేత్తలకు బాగా పరిచయమైన పవర్‌పాయింట్‌నే మొదట పరిశీలించవచ్చు. మ్యాక్ కంప్యూటర్ల కోసం రూపొందించిన 2011 వెర్షన్‌లో స్లైడ్లను సినిమా ఫైలుగా భద్రపరిచే సౌకర్యం ఉండేది. 2015లో విడుదలైన 2016 వెర్షన్‌లో ఆ సౌకర్యం లేదు. తర్వాత చందాదారులకు, 2019 వెర్షన్‌కు అది తిరిగి లభించింది. 2016 వెర్షన్‌ను ఒకేసారి డబ్బు చెల్లించి కొన్నవారికి మాత్రం అందలేదు.

ఆపిల్ సంస్థ 2009లో మ్యాక్ ఓఎస్ 10.6తో క్విక్‌టైమ్ ఎక్స్‌ను విడుదల చేసింది. క్విక్‌టైమ్ 7 ప్రోలో ఉన్న అనేక ఎగుమతి ఎంపికలు ఇందులో లేవు. పాత క్విక్‌టైమ్ 7ను విడిగా స్థాపించుకునే అవకాశం ఉండడంతో వినియోగదారులు దానితో పని సాగించారు. 2019 అక్టోబరులో వచ్చిన కాటలినా వెర్షన్ 32-బిట్ ప్రోగ్రాములను పూర్తిగా నిలిపివేయడంతో ఆ ప్రత్యామ్నాయం కూడా ముగిసింది. తాత్కాలిక ఏర్పాటు పదేళ్లు నిలిచినా, శాశ్వతం కాలేదు.

2011 జూన్ 21న విడుదలైన ఫైనల్ కట్ ప్రో ఎక్స్ మరింత ప్రసిద్ధమైన ఉదాహరణ. పాత ఏడవ వెర్షన్‌లో తయారుచేసిన ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. ధ్వని మార్గాలను విడివిడిగా ఇతర సాఫ్ట్‌వేర్లకు పంపే ఓఎంఎఫ్ ఎగుమతి, కూర్పు వివరాలను పంపే ఎక్స్‌ఎంఎల్ ఎగుమతి తొలి విడుదలలో లేవు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన సవరణతో ఎక్స్‌ఎంఎల్, ధ్వనిని రకాల వారీగా వేరుచేసి ఎగుమతి చేసే పద్ధతి లభించాయి. మధ్యలో గడిచిన మూడు నెలల కాలం వ్యవసాయ క్యాలెండర్‌లో ఒక వానాకాలం పంట విత్తడం నుంచి పూత వరకు పట్టే కాలానికి దాదాపు సమానం.

విండోస్ వాడకందారులకూ ఇటువంటి అనుభవాలున్నాయి. విస్టా, విండోస్ 7లలోని కొన్ని ఎడిషన్లలో డీవీడీ మేకర్ లభించేది. 2012లో వచ్చిన విండోస్ 8లో దానిని తొలగించారు. సరళమైన కూర్పు సాధనంగా పేరొందిన మూవీ మేకర్‌కు 2017 జనవరి 10తో మద్దతు, డౌన్‌లోడ్ సౌకర్యం ముగిశాయి. విండోస్‌లో క్విక్‌టైమ్‌కు ఆపిల్ 2016లో మద్దతు నిలిపివేసింది. అడోబ్ ప్రీమియర్ ప్రో 2018లో క్విక్‌టైమ్ 7 కాలం నాటి పాత కోడెక్‌లకు మద్దతును ఉపసంహరించింది.

తొలగించకుండానే నష్టం కలిగించే మార్పులు కూడా ఉంటాయి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11తో ఐఫోన్ 7, ఆ తర్వాతి ఫోన్లలో వీడియో చిత్రీకరణకు హెచ్‌ఈవీసీ సహజ ఎంపికగా మారింది. ఫైలు పరిమాణం తగ్గింది గాని, ఆ కోడెక్‌ను చదవలేని పాత కంప్యూటర్లలో, టీవీల్లో ఆ దృశ్యాలు నడవలేదు.

సౌకర్యాలు తొలగడానికి కారణాలు

మొదటి కారణం పునర్నిర్మాణం. 32-బిట్ నుంచి 64-బిట్‌కు మారేటప్పుడు సాఫ్ట్‌వేర్‌ను తిరిగి రాయవలసి వస్తుంది. పాత భాగాలన్నీ ఒకేసారి కొత్త నిర్మాణంలోకి రావు. ఎక్కువమంది వాడేవి ముందు, తక్కువమంది వాడేవి తర్వాత వస్తాయి, కొన్ని ఎన్నటికీ రావు.

రెండవ కారణం లైసెన్సు రుసుములు. అనేక కోడెక్‌లపై పేటెంట్ హక్కులున్నాయి. విండోస్ 8లో డీవీడీలను చూసే సౌకర్యాన్ని సహజంగా చేర్చకపోవడానికి ప్రతి కంప్యూటర్‌కు చెల్లించవలసిన ఇటువంటి రుసుములను మైక్రోసాఫ్ట్ 2012లో ఒక కారణంగా పేర్కొంది.

మూడవ కారణం భద్రత. క్విక్‌టైమ్ విండోస్ వెర్షన్‌లో సరిదిద్దని లోపాలు బయటపడినందున దానిని తొలగించాలని 2016 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సూచించింది. ఇటువంటి సందర్భంలో పాత సాఫ్ట్‌వేర్‌ను పట్టుకుని ఉండడం కూడా సమంజసం కాదు. నాల్గవ కారణం మార్కెట్. నగరాల్లో డిస్కుల వాడకం తగ్గగానే వాటి తయారీ సౌకర్యాలు సాఫ్ట్‌వేర్ నుంచి తప్పుకుంటాయి. గ్రామాల్లో వాటి అవసరం ఇంకా ఉన్నదా లేదా అన్నది అక్కడ లెక్కకు రాదు. ఐదవది, కొన్ని సౌకర్యాలు చందా చెల్లించేవారికి మాత్రమే పరిమితం కావడం.

ఉత్తర తెలంగాణ పరిస్థితుల్లో ప్రభావం

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పరిధిలో ఒకే వీడియోను భిన్న రూపాల్లో అందించవలసి ఉంటుంది. రైతు వేదికలోని పెద్ద తెరకు స్పష్టమైన చిత్రం కావాలి. ఫోనులో వాట్సాప్ ద్వారా పంపడానికి చిన్న ఫైలు కావాలి. నెట్ సంకేతం బలహీనంగా ఉండే ఏజెన్సీ గ్రామాలకు పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి టీవీలోనో ప్రొజెక్టర్‌తోనో చూపే ఫైలు కావాలి. పరిమాణాన్నీ బిట్ రేటునూ ఎంచుకునే వీలు పోతే ఈ మూడింటిలో ఏదో ఒకటి దెబ్బతింటుంది.

వాట్సాప్‌లో సాధారణ వీడియోగా పంపే ఫైలుకు చాలాకాలం 16 ఎం.బి. పరిమితి ఉండేది. 16 ఎం.బి. అంటే 128 మెగాబిట్లు. మూడు నిమిషాల వీడియోను ఇందులో ఇమడ్చాలంటే సెకనుకు సుమారు 711 కిలోబిట్లు, ఐదు నిమిషాల వీడియోకు సుమారు 427 కిలోబిట్లు మాత్రమే లభిస్తాయి. ఇందులో వ్యాఖ్యానానికి 64 కిలోబిట్లు పోతే మిగిలినదే దృశ్యానికి. బిట్ రేటును ఎంచుకోగలిగినప్పుడే ఈ లెక్క ప్రకారం వీడియోను సిద్ధం చేయవచ్చు. ఆ వీలు లేకుంటే పెద్ద ఫైలును యాప్ తనకు తోచినట్లు కుదిస్తుంది.

ఆ కుదింపులో పోయేది చిత్రం అందం మాత్రమే అయితే చింతించనక్కరలేదు. కత్తెర పురుగు విషయంలో తలపై తిరగేసిన 'వై' ఆకారపు తెల్లని గుర్తు, శరీరం చివర నుంచి రెండవ ఖండంపై చతురస్రాకారంలో నాలుగు నల్లని మచ్చలు గుర్తింపు లక్షణాలు. 2018 మే నెలలో కర్ణాటకలో తొలిసారి కనిపించిన ఈ పురుగు అదే ఏడాది తెలంగాణలోకి వ్యాపించింది. అంతకుముందు దానిని చూడని రైతుకు ఆ నాలుగు మచ్చలే ఆధారం. 1920×1080 చిత్రంలోని బిందువుల సంఖ్య, 320×240 పరిమాణానికి తగ్గించిన చిత్రంలోని 76,800 బిందువులకు 27 రెట్లు. మచ్చలు చెదిరిపోయిన చిత్రాన్ని చూసి రైతు వేరే పురుగుగా భావిస్తే, మందు ఎంపిక తప్పుతుంది. ఖర్చూ పంటా రెండూ నష్టపోతాడు.

సమయం మరొక అంశం. పత్తిలో లింగాకర్షక బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులు పడితే నివారణ చర్యలు చేపట్టాలనేది సిఫారసు. లార్వా కాయలోకి ప్రవేశించిన తర్వాత పిచికారీ ప్రభావం బాగా తగ్గుతుంది. కాబట్టి ఈ హెచ్చరిక వీడియోకు ఉన్న వ్యవధి కొద్ది రోజులే. ఎగుమతి సౌకర్యం లేక పది రోజులు ఆలస్యమైతే వీడియో సిద్ధమైనా సందర్భం దాటిపోతుంది.

భాష మూడవ అంశం. ఆదిలాబాద్, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాల్లోని గిరిజన గ్రామాల్లో గోండి, కొలామి మాట్లాడే రైతులున్నారు. మహారాష్ట్ర సరిహద్దు మండలాల్లో మరాఠీ వాడుకలో ఉంది. తెలుగు వ్యాఖ్యానం, పొలంలోని సహజ ధ్వనులు విడివిడి మార్గాల్లో ఎగుమతి అయినప్పుడే వ్యాఖ్యానాన్ని మాత్రం తీసివేసి గోండిలో చేర్చడం సాధ్యమవుతుంది. రెండూ కలిసిపోయిన ఫైలులో ఒకదానిని శుభ్రంగా వేరుచేయడం కష్టం. తక్కువమంది వాడతారని సాఫ్ట్‌వేర్ సంస్థలు వెనక్కు నెట్టే ఇటువంటి సౌకర్యమే ఇక్కడ ఒక భాషా సమూహానికి సలహా అందడానికీ అందకపోవడానికీ కారణమవుతుంది.

ప్రాజెక్టు ఫైలుపై ఆధారపడరాదు

ప్రాజెక్టు ఫైలు భద్రంగా ఉంటే ఎప్పుడైనా మళ్లీ ఎగుమతి చేసుకోవచ్చని భావించడం ప్రమాదకరం. సాఫ్ట్‌వేర్ మారితే అది తెరుచుకోకపోవచ్చు. తెరుచుకున్నా, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో రాసిన శీర్షికలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థం కాని అక్షరాలుగా మారతాయి. ఎగుమతి చేసిన వీడియోలో శీర్షిక చిత్రంలో భాగమైపోతుంది గనుక ఈ ఇబ్బంది ఉండదు.

అందువల్ల ప్రతి వీడియోకు ఒక మాతృకను, అంటే అత్యధిక నాణ్యతతో ఎగుమతి చేసిన మూల ప్రతిని భద్రపరచాలి. సెకనుకు 20 మెగాబిట్ల చొప్పున పది నిమిషాల వీడియో మాతృకకు 1.5 జి.బి. సరిపోతుంది. వంద వీడియోలకు 150 జి.బి.; ఇది 500 జి.బి. సామర్థ్యం గల ఒక హార్డ్ డిస్కులో మూడవ వంతు కూడా కాదు. మాతృక ఉన్నంతకాలం ఫోనుకు, టీవీకి కావలసిన చిన్న ప్రతులను ఏ సాధనంతోనైనా తయారుచేయవచ్చు. చిన్న ప్రతి నుంచి మాతృకను తిరిగి పొందడం సాధ్యం కాదు.

మాతృకతోపాటు శీర్షికలు లేని ప్రతిని కూడా ఉంచడం మేలు. 2014లో తెలంగాణకు ప్రత్యేక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాత ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరయ్యాయి. ఇటువంటి మార్పుల తర్వాత జగిత్యాల సన్నాలు వంటి రకంపై తీసిన పాత వీడియోలో సాంకేతిక సమాచారం చెల్లుబాటులోనే ఉన్నా, సంస్థ పేరు, జిల్లా పేరు పాతబడతాయి. శీర్షికలు లేని ప్రతి ఉంటే కొత్త పేర్లు చేర్చడం కొద్ది నిమిషాల పని.

నవీకరణకు ముందు చేయవలసినవి

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు అవసరమైన హార్డ్‌వేర్ అర్హతలు లేని పాత కంప్యూటర్లను మార్చవలసి వస్తున్నందున ఈ అంశం ఇప్పుడు మరింత సందర్భోచితం. కొత్త కంప్యూటర్లలో లభించే క్లిప్‌చాంప్ ఇంటర్నెట్ ఆధారంగా పనిచేసే సాధనం. నెట్ నిలకడగా లేని కేంద్రాలు ఈ విషయాన్ని గమనించాలి. నవీకరణకు ముందు ఈ క్రింది చర్యలు పాటించాలి.

1. కేంద్రం అందించే తుది రూపాలన్నింటినీ జాబితా రాయాలి: రైతు వేదిక తెర, ఫోను, పెన్‌డ్రైవ్ టీవీ, వేరు వ్యాఖ్యాన మార్గం, ఉపశీర్షికల ఫైలు మొదలైనవి.

2. కొత్త వెర్షన్‌లో చేర్చిన అంశాలతోపాటు తొలగించిన అంశాల వివరాలను కూడా చదవాలి.

3. పాత వెర్షన్‌లోనే అన్ని ప్రాజెక్టుల మాతృకలను, శీర్షికలు లేని ప్రతులను ఎగుమతి చేసి రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి.

4. మొదట ఒక్క కంప్యూటర్‌లోనే నవీకరించాలి. ఒకే చిన్న వీడియోను పాత, కొత్త వెర్షన్లలో ఎగుమతి చేసి, గ్రామాల్లో వాడే అసలు టీవీలోనూ తక్కువ ధర ఫోనులోనూ చూడాలి. పురుగు గుర్తులు, తెలుగు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా, చివరి నిమిషంలో కూడా పెదవుల కదలికతో మాట కలుస్తున్నదా అనేవి పరిశీలించాలి.

5. నవీకరణను వానాకాలం, యాసంగి పనుల మధ్యలో చేపట్టరాదు. ఏప్రిల్, మే నెలలు అనుకూలం. లోపం కనిపిస్తే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

సౌకర్యం పోయిన తర్వాత

ఇప్పటికే సౌకర్యం కోల్పోయిన పక్షంలో మూడు మార్గాలున్నాయి. పాత వెర్షన్ ఉన్న ఒక కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి పూర్తిగా వేరుచేసి, పాత ప్రాజెక్టులను ఎగుమతి చేయడానికి మాత్రమే వాడవచ్చు. ఇది కొంతకాలానికే పనికివచ్చే ఏర్పాటు. ఆ కంప్యూటర్ పనిచేసినంతకాలమే ఉంటుంది. రెండవ మార్గంలో, కొత్త సాఫ్ట్‌వేర్ నుంచి లభించే అత్యధిక నాణ్యత గల ఫైలును తీసి, దానిని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాధనాలతో కావలసిన రూపాల్లోకి మార్చవచ్చు. 2000 సంవత్సరంలో మొదలైన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పాత కోడెక్‌లను అనేకం నేటికీ చదవగలదు. దాని మూల సంకేతం బహిరంగంగా లభిస్తుంది. మూడవ మార్గం, ప్రాజెక్టు తెరుచుకోని పక్షంలో అసలు దృశ్యాలతో తిరిగి కూర్చడం. చిత్రీకరించిన మూల దృశ్యాలను చెరిపివేయని కేంద్రాలకే ఇది సాధ్యం.

ముగింపు

విత్తన రకాన్ని మార్చేటప్పుడు శాస్త్రవేత్త దిగుబడి ఒక్కదానినే చూడడు; తెగుళ్లను తట్టుకునే గుణం, పంటకాలం, గింజ నాణ్యత వంటి పాత రకంలోని మంచి లక్షణాలు కొత్తదానిలో నిలిచాయో లేదో క్షేత్ర పరీక్షల్లో నిర్ధారించుకున్న తర్వాతే సిఫారసు చేస్తాడు. సాఫ్ట్‌వేర్ విషయంలో కూడా ఇదే క్రమశిక్షణ అవసరం. విస్తరణ విద్యార్థులకు వీడియో తయారీ నేర్పేటప్పుడు ఎగుమతి, మాతృక నిల్వ, నవీకరణ పరీక్షలను పాఠ్యాంశంలో భాగం చేయాలి. ఉట్నూరు ఏజెన్సీలోని ఒక రైతు తన ఫోనులో చూసే మూడు నిమిషాల వీడియోలో నాలుగు నల్లని మచ్చలు స్పష్టంగా కనిపించాయా, మాట తన భాషలో వినిపించిందా అన్నదే ఈ పరీక్షలకు కొలమానం కావాలి.